పడవ చెక్కల తలుపు

మొన్నటి తుపాను వానకి గోడ చెమ్మెక్కి, విజయనగరంలో మా అబ్బాయి ముచ్చటపడి కొనుక్కున్న బీరువా అడుగున ఉబ్బిపోతే, బాగుచేయిద్దామని వడ్రంగిని పిలిపించాను. అతను వేలితో నొక్కగానే చెక్క తడిసిన తౌడులా రాలింది. ఇది రంపపు పొట్టుని జిగురుతో అదిమిన పలకమ్మా, విప్పినా ఇంకోటి చెయ్యడానికి రాదు, పారెయ్యడమే అన్నాడు. మునిసిపాలిటీ ట్రాక్టరు దాన్ని ఎత్తుకుపోతుంటే చూస్తూ నిలబడ్డ నాకు, టెక్కలిలో మా మావగారి పాత కలప అడితి గుర్తుకొచ్చింది.

పెళ్లయి ఆ ఇంటికి వెళ్లేనాటికి నాకు కలప గురించి ఏమీ తెలియదు. కూల్చిన పెంకుటిళ్ల దూలాలు, విరిగిన బడి బల్లలు పెరట్లో గుట్టలుగా ఉండేవి. మావగారూ మా ఆయనా వాటిని చిత్రిక పట్టి తలుపులూ మంచాలూ చేసేవారు. మేకులు పీకి చెక్కలు వేరుచేసే పని నాది. పొట్టి ముక్కలు పీటలయ్యేవి, ఇంకా చిన్నవి పప్పుగుత్తులయ్యేవి, పీకిన మేకులు కూడా సుత్తితో సాపుచేసి డబ్బాలో వేసేవాళ్లం. పుచ్చిపోయిందని నేను పక్కన పెట్టిందే పొయ్యిలోకి వెళ్లేది.

ఒక వానాకాలం భావనపాడు నుంచి ఒకావిడ బండి మీద పడవ చెక్కలు తెచ్చింది. సముద్రంలో చేపల వేటకెళ్లిన భర్త తిరిగి రాలేదు, విరిగిన పడవ మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిందట. ఆ చెక్కలతో ఇంటికి తలుపు చేసిపెట్టమంది. ఉప్పునీరు తాగిన కలప, లోపల విరిగిన మేకులుంటాయి, రంపం పళ్లు పోతాయని మా ఆయన వెనకాడారు. మావగారు ఆవిడ ముఖం చూసి, "ఉంచమ్మా, సేస్తాం" అన్నారు.

రెండు రోజులు కూర్చుని మేకులు పీకాను. చేతులు పుళ్లుపడ్డాయి. చివర మిగిలిన చెక్క ఒకటి సగం పుచ్చి, నాచు పట్టి, నిండా తూట్లతో ఉంది. దేనికీ పనికిరాదనుకుని ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. నాచు కింద ఏముందో తుడిచి చూడలేదు.

తలుపు తయారయ్యాక ఆవిడ వచ్చి, ముందూ వెనకా అరచేత్తో తడిమి, "బాబూ, పేరున్న సెక్క ఏదీ? పడవ ముక్కుకాడ మా పాప పేరు రాసినాడు గదా" అని అడిగింది.

పొయ్యి దగ్గర నన్ను చూశారో, నా ముఖంలోనే కనబడిందో గాని, మావగారు నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"నానే పొయ్యిలో ఎట్టీసినానమ్మా. సూసుకోనేదు. నాదే తప్పు."

ఆవిడ తిట్టలేదు. "మా ఇంటాయన సేతిరాత అదొక్కటే ఉన్నాది నాకు" అని మాత్రం అంది. తలుపు బండికెక్కించుకుని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ ఊరినుంచి మా అడితికి ఎవరూ కలప తేలేదు. మావగారు నన్ను ఒక్క మాటా అనలేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కాని ఆనాటి నుంచి ఏ చెక్క వచ్చినా, తడిగుడ్డతో తానే తుడిచి చూశాకే నా ముందు వేసేవారు.

ఆయన పోయాక, నిజం చెప్పుకుందామని భావనపాడు వెళ్లాను. ఆవిడ అప్పటికే పోయిందని ఊళ్లో చెప్పారు. కూతురు పెద్దదై, శ్లాబు ఇల్లు కట్టుకుని ఉంది. మంచినీళ్లిచ్చి, ఎవరు కావాలని అడిగింది. నేను బదులుగా ఆ పిల్ల పేరు అడిగాను. చెప్పింది. నేను కాల్చిన పేరేమిటో అప్పుడు తెలిసింది. ఇంకేమీ చెప్పలేక వచ్చేశాను.

అడితి మూతపడి చాలాకాలమైంది. ఇప్పుడు ఇల్లు కూల్చడానికి యంత్రం వస్తుంది. దూలాలూ పెంకులూ కలిపి లారీకెత్తి ఏ గుంటలోనో పోస్తారు. నా ఈడువాళ్లైన మీరూ చూస్తూనే ఉన్నారు. మనం పోయాక పిల్లలు చేత్తో తడిమి చూసుకోవడానికి, మన చెయ్యి పడిన వస్తువు ఇంట్లో ఒక్కటైనా మిగులుతుందా అని ఈమధ్య అనిపిస్తోంది. గది నాలుగు వైపులా చూస్తున్నాను, నాకైతే ఒక్కటీ కనిపించడం లేదు.