మొదటి వరసలో వజ్రమ్మ భోజనం

వజ్రమ్మ నాలుగేళ్ళలో విమానం భోజనాలు వేలల్లో చేసింది. అన్నీ ఫస్ట్ క్లాసులోనే, అన్నీ ఖాళీ పళ్ళాల్లోనే. అసలు విమానం మాత్రం ఆమె ఎప్పుడూ ఎక్కలేదు.

ఇదంతా పంజగుట్టలో మా టైలర్ షాపు పైన, మూడో అంతస్తులో జరిగింది. అప్పట్లో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు పెరిగి పక్కనున్న అమీర్‌పేటలోనే కాదు, మా వీధిలోనూ గోడన్నది కనపడేది కాదు. ఆ బోర్డుల మధ్య మా బిల్డింగుకి ఎయిర్‌హోస్టెస్ ట్రైనింగ్ బోర్డు కూడా ఎక్కింది. దాన్ని నడిపేది అచ్యుతరావుగారు. పాతికేళ్ళు విమానాల్లో వడ్డించి రిటైరైన మనిషి, ఏలూరు వైపు ఆయన. అక్కడ నేర్చుకునే ఆడపిల్లల యూనిఫారాలు కుట్టేది నేనే కాబట్టి కొలతలకో, కుట్టు విప్పడానికో రోజూ పైకెళ్ళేవాణ్ణి.

ఆయన అక్కడ ఒక విమానమే కట్టించారు. ప్లైవుడ్ గోడలు, కోడిగుడ్డు ఆకారంలో కిటికీలు, వాటి అవతల మబ్బుల ఫ్లెక్సీ. వెనకంతా పాత బస్సు సీట్లు. ముందు వరసలో మాత్రం రెండే సీట్లు, వెడల్పుగా, మెత్తగా, ఎక్కడో పాత విమానం విప్పేస్తే కొనుక్కొచ్చినవి. అదే ఫస్ట్ క్లాసు. బేగంపేట ఎయిర్‌పోర్టు పక్కనే కదా, అసలు విమానాలు మా నెత్తి మీదుగానే పోయేవి. అప్పుడు ఈ ప్లైవుడ్ విమానం కూడా గడగడమనేది, గ్లాసుల్లో నీళ్ళు కదిలేవి.

"అదిగో కుదుపు! చెయ్యి వణక్కూడదు, పొయ్యండి!" అని కేకేసేవారు అచ్యుతరావుగారు.

వజ్రమ్మ అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. బల్కంపేట నుంచి నడిచి వచ్చేది. మొదట్లో పిల్లలే ఒకరికొకరు ప్రయాణికుల్లా కూర్చునేవారు. కూర్చుంటే చాలు కిసుక్కున నవ్వులు. ఒకరోజు ఆయనకి విసుగొచ్చింది.

"వజ్రమ్మా, ఆ చీపురు పక్కన పెట్టి ఇందులో కూర్చో."

"నేనా సార్? గా సీట్లనా? తుడుస్త గని కూసోను."

"కూర్చోమన్నానా! ఇవాళ నువ్వు ప్యాసింజర్‌వి."

సీటు అంచు మీద కూర్చుంది. ఫస్ట్ క్లాసులో భోజనానికి ముందు నిమ్మవాసన వేసిన వేడి తువాలు పట్టకారుతో అందిస్తారు, మొహం చేతులు తుడుచుకోవడానికి. ఒక పిల్ల అందించింది. వజ్రమ్మ చేతిలో తడిగుడ్డ పడింది. ఏం చేస్తుంది? ముందున్న బల్ల తుడిచింది. కిటికీ తుడిచింది. సీటు చేతులు కూడా తుడిచి, గుడ్డ పిండడానికి బకెట్ ఎక్కడుందా అని చూసింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. అచ్యుతరావుగారు నవ్వలేదు. ఇంకో తువాలు తనే తెచ్చి, నడుం వంచి అందించారు. "ఇది నీ మొహానికమ్మా. బల్ల తుడవడానికి మేమున్నాం."

ఆ మాట వజ్రమ్మ నాకెన్నిసార్లు చెప్పిందో. చెప్పినప్పుడల్లా చెంప మీద చెయ్యి పెట్టుకునేది, ఆ వేడి ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఆ రోజు నుంచి ఆ సీటు ఆమెదే. రోజుకి ఆరుసార్లు వడ్డన. తెల్లటి పింగాణీ పళ్ళేలు, వాటికి మూతలు, సూపు గిన్నెలో నీళ్ళు, బన్నుకి బదులు నిమ్మకాయ. చెయ్యి పని నేర్చుకోవడానికి తిండి ఎందుకనేవారు సార్. సాయంత్రం ఆమె భర్త ఐలయ్య మా షాపు ముందే రిక్షా బండి ఆపుకుని ఎదురుచూసేవాడు.

"ఏమే, ఇయ్యాల సుత విమానంల తిన్నవా?"

"ఆరుసార్లు తిన్న."

"మరి నాకేం తెచ్చినవ్?"

"నేనేం తిన్ననో గదే తెచ్చిన, తీస్కో," అని రెండు ఖాళీ చేతులూ చాపేది.

నవ్వేది కానీ, ఆ సీటు సంగతి వచ్చేసరికి ఆమె గొంతు మారిపోయేది. "అన్నా, ఒక్క మనిషి కడుపుకి గన్ని గిన్నెలు, గన్ని చెంచాలు! ఏది యాడ ఉండాల్నో గాడనే ఉంటది. నాకు పెండ్లయి ఇరవై ఏండ్లాయె. అందరికి పెట్టినంక గిన్నెల మిగిలింది నిలబడి తిన్న. ఏం తింటవని ఒక్కలు అడగలే. గీ పిల్లలు వంగి అడుగుతున్రు. అడిగితే ఏం చెప్పాల్నో మస్తు రోజులు నాకు తెల్వలే."

తర్వాత తెలిసింది. చెంచా వేలెడు పక్కకి జరిగినా ఆమె కంటికి దొరికిపోయేది. "బిడ్డా, గ్లాసు జర లోపటికి" అనేది. సార్ చూడనివి కూడా చూసేది.

మంజూష వచ్చింది ఆ రోజుల్లోనే. తణుకు నుంచి. వాళ్ళ నాన్న హనుమత్ప్రసాద్ గారు పెళ్ళి భోజనాల కాంట్రాక్టరు. పిల్ల పదేళ్ళప్పటి నుంచే పంక్తిలో పప్పు బకెట్ మోసింది. వడ్డనలో ఆ పిల్ల చెయ్యే చెయ్యి. కానీ అలవాటు పోలేదు. ప్రయాణికుడు వద్దన్నాక కూడా "కొంచెం, కొంచెమేనండీ" అనేది.

"ఇది పెళ్ళి పంక్తి కాదమ్మా!" అని సార్ తల పట్టుకునేవారు. "ఒక్కసారి అడగాలి. వద్దంటే థాంక్యూ చెప్పి వెనక్కి రావాలి."

"తిననివాళ్ళని చూస్తే కాలు కదలదు సార్. ఏం చెయ్యను?"

అందుకే రెండు కంపెనీలు వద్దన్నాయి. వచ్చే నెలకి ఆమెకి ఇరవై ఐదు నిండుతాయి. అవి నిండితే ఏ కంపెనీ తీసుకోదు. మిగిలింది ఒకే ఒక్క అవకాశం. ఒక కంపెనీ నుంచి బొంబాయి మేడమ్ వస్తోంది, ఇక్కడే పరీక్ష పెట్టి, అయిదుగురిలో ఇద్దర్ని తీసుకుంటుంది. ఎప్పుడంటే ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజు, మంగళవారం.

ఆ రోజు వజ్రమ్మకి ఒక్కపొద్దు. సాయంత్రం అమ్మవారిని చూసేదాకా అన్నం ముట్టదు.

"మరి సీట్లో ఎట్లా కూర్చుంటావ్?" అన్నాను, ముందు రోజు.

"ఖాళీ పళ్ళాలకు ఒక్కపొద్దేం అడ్డమన్నా?" అంది.

మంగళవారం నేను వెనక బస్సు సీట్లో కూర్చుని ఒక పిల్ల స్కర్టు అంచు కుడుతున్నాను. మేడమ్ వచ్చింది. ఆమె వెనకే ఇద్దరు మనుషులు వెండి రంగు పెట్టెలు మోసుకొచ్చారు. ఎయిర్‌పోర్టు వంటశాల నుంచి, అసలు భోజనం! ఖాళీ ప్లేట్లతో పరీక్ష పెట్టనంది మేడమ్.

మూతలు తీశారు. ఆ వాసనకి నా సూది ఆగిపోయింది. వజ్రమ్మ అయితే గుడిలో తెర తీసినప్పుడు చూసినట్టు చూసింది. సూపు ఎర్రగా పొగలు కక్కుతోంది. బన్ను నిజంగా బన్నే, మెరుస్తోంది. వెన్న పువ్వులా విచ్చుకుంది. కోడి ముక్కల మీద జీడిపప్పు, పక్కన బాస్మతి అన్నం, పళ్ళు కోసిన పళ్ళెం, చిన్న గిన్నెలో బ్రెడ్డుతో చేసిన డబల్ కా మీఠా. నాలుగేళ్ళుగా పేర్లతో తిన్నవన్నీ ఒక్కసారి వచ్చి ఎదుట నిలబడ్డాయి. అదీ ఆమె ముట్టకూడని రోజున.

అప్పుడైనా ఒక్కపొద్దని చెప్పొచ్చు. కానీ పరీక్ష మొదలైపోయింది. తన వల్ల పిల్లల పరీక్ష ఆగిపోతుందని భయపడింది.

మొదటి పిల్ల వచ్చింది. తువాలు, నవ్వు, మెనూ కార్డు, అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. "వెజ్ ఆర్ నాన్‌వెజ్, మేడమ్?"

"నో థాంక్యూ," అంది వజ్రమ్మ.

పిల్ల థాంక్యూ చెప్పి ట్రే తీసుకెళ్ళింది. రెండో పిల్లకీ అదే జవాబు. మూడో పిల్లకీ, నాలుగో పిల్లకీ అదే. బొంబాయి మేడమ్ ఏదో రాసుకుంటోంది. అచ్యుతరావుగారి మెడ మీద చెమట.

"వజ్రమ్మా, తిను!" అన్నారు పళ్ళ మధ్య నుంచి.

ఆమె తల అడ్డంగా ఊపింది.

చివరికి మంజూష. తువాలు అందించింది, అడిగింది. "నో థాంక్యూ." రూలు ప్రకారం వెనక్కి రావాలి. రాలేదు. వజ్రమ్మ చెయ్యి వంక చూస్తూ నిలబడింది. పెళ్ళి పంక్తిలో పెరిగిన పిల్ల. నిజంగా వద్దనేవాడు రెండు చేతులతో విస్తరి కప్పేస్తాడని, నోటితో చాలంటూ చెయ్యి పక్కనే పెట్టుకున్నవాడు ఇంకా ఆకలి మీద ఉన్నాడని ఆ పిల్లకి తెలుసు. వజ్రమ్మ చెయ్యి బల్ల అంచున విప్పి ఉంది.

మంజూష మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంగ్లీషు వదిలేసింది.

"ఆకలేస్తోందా అమ్మా?"

అచ్యుతరావుగారు కళ్ళు మూసుకున్నారు. అయిపోయింది, మూడోసారి కూడా.

"అయితుంది బిడ్డా," అంది వజ్రమ్మ మెల్లగా. "ఒక్కపొద్దున్న."

"పండు తినొచ్చా? పాలు?"

"తినొచ్చు."

ఆ పిల్ల వెంటనే గిన్నెలన్నిటి మీదా మూతలు పెట్టింది, వాసన తగలకుండా. ట్రే తీసేసింది. కొత్త గుడ్డ పరిచింది. యాపిల్ ముక్కలు, నల్ల ద్రాక్ష వేరే పళ్ళెంలో సర్ది, టీ కోసం తెచ్చిన వేడి పాలు కప్పులో పోసి, ఒక్కొక్కటే పెట్టింది, చెంచా ఎక్కడుండాలో అక్కడ. సరిగ్గా అప్పుడే నెత్తి మీద విమానం పోయింది. అంతా గడగడమంది. కప్పులో పాలు ఒక్క చుక్క ఒలకలేదు.

వజ్రమ్మ తింది. నాలుగేళ్ళకి ఆ పళ్ళెంలో తిండి. మేమంతా ఆమె నమలడమే చూస్తున్నాం.

"ఇంకొంచెం?" అంది మంజూష.

వజ్రమ్మ రెండు చేతులతో పళ్ళెం కప్పేసింది. ఆ పిల్ల నవ్వి లేచింది.

బొంబాయి మేడమ్ పెన్ను మూసి హిందీలో అడిగింది, ఎవరు బాగా వడ్డించారని. గదిలో అయిదుగురు పిల్లలూ వజ్రమ్మకి సొంత పిల్లల్లాంటివాళ్ళే. వజ్రమ్మ చాలాసేపు చీర కొంగు నలిపింది. తర్వాత ఆమె కూడా హిందీలోనే చెప్పింది. అందరూ బాగానే చేశారు మేడమ్, సార్ నేర్పినట్టే చేశారు. ఆకలేస్తోందా అని మాత్రం ఈ పిల్ల ఒక్కతే అడిగింది.

మేడమ్ కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. వారం తర్వాత కాగితం వచ్చింది. అందులో మొదటి పేరు మంజూషది. ఆ పిల్ల మెట్లు దిగి మా షాపులోకొచ్చి ఏడ్చింది, నేను కొలత టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

దసరా ముందు ఒక ఉదయం కొత్త బ్యాచికి వడ్డన పాఠం. వజ్రమ్మ సీట్లో ఉంది, ముందు ఖాళీ పళ్ళేలు. కొత్త పిల్ల వంగి "వుడ్ యూ లైక్" అనేసరికి నెత్తి మీద చప్పుడుకి గ్లాసులు గలగలమన్నాయి. అచ్యుతరావుగారు వాచీ చూసుకున్నారు. బొంబాయి విమానం. ఈసారి "కుదుపు" అని కేకెయ్యలేదు.

"ఆగు బిడ్డా," అంది వజ్రమ్మ, చూపుడువేలు పైకెత్తి. "మా మంజూష పోతుంది."

చప్పుడు పూర్తిగా అణిగేదాకా గదంతా ఆగింది. తర్వాత ఆమె సర్దుకుని కూర్చుంది.

"ఆ, ఇప్పుడు పెట్టు. అడిగేటప్పుడు నా మొఖమే గాదు, చెయ్యి సుత చూడు."