తిరగేసిన తీగలు

విజయవాడ నుంచి చల్లపల్లి వెళ్లే బస్సులో మా అమ్మాయి యుకలేలీ, చిన్న గిటార్‌లాంటి నాలుగు తీగల వాయిద్యం, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి పోయి నెల దాటింది. పక్కసీటాయన సంగీత వాయిద్యాల డిస్ట్రిబ్యూటరట. దాన్ని చూడగానే, నేనేమీ అడక్కుండానే మొదలుపెట్టాడు.

“బ్రాండ్ల పేర్లు బోలెడండీ, చాలావరకు తయారయ్యేది మాత్రం ఒకే ఫ్యాక్టరీలో. పైన చెక్కే ఈ పువ్వుల డిజైన్లన్నీ షోకు. చెక్క పల్చగా ఉండాలి, మెడ చేతికి అమరాలి, అంతే. ఏదీ, ఓసారి ఇలా ఇవ్వండి.”

ఇచ్చాను. చూసి నొచ్చుకున్నాడు.

“షాపువాళ్లు తీగలు తిరగేసి బిగించారండీ. ఉండండి, సరిచేస్తా.”

మొదటి తీగ వదులయ్యేదాకా ఊరికే చూస్తూ ఉన్నాను.

“మా అమ్మాయి ఎడంచేత్తో వాయించేదండీ,” అన్నాను. “అన్నం, రాత అన్నీ వాళ్ల నాయనమ్మ కుడిచేతికి మార్పించింది. ఇదొక్కటే మిగిలింది.”

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ తీగను మళ్లీ బిగించి, చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి చేశాడు. బ్రాండ్ల మాట మళ్లీ ఎత్తలేదు.

“ఎలా పట్టుకునేదండీ?” అన్నాడు, తిరిగి ఇస్తూ.

చూపించాను.

ఆయన ఉయ్యూరులో దిగిపోయాడు. చల్లపల్లి వచ్చేదాకా నేను దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను.