ఘాట్ రోడ్డులో అడ్డుకున్న వ్యాను

జడ వేసుకునేటప్పుడల్లా నాకో వ్యాను టైరు గుర్తొస్తుంది.

సాలూరు పైన ఘాట్ రోడ్డు పక్కన మా ఊరు. ఊరి వెనక కొండను క్వారీకి ఇస్తున్నారని తెలిసి, డిగ్రీ చదివే మేమంతా సంఘం పెట్టాం. పోయిన చలికాలం సభ ఏర్పాటు చేశాం. సభ రోజు ఉదయమే కొండ తవ్వే మిషన్ వస్తోందని ఎవరో అన్నారు. పరుగెత్తి వెళ్లి మలుపులో రోడ్డుకు అడ్డంగా పడుకున్నాం. నాయకురాలిని కదా, ముందు నేనే! పొగమంచులోంచి లైట్లు దూసుకొచ్చాయి. బ్రేకు కీచుమంది. కళ్లు తెరిస్తే టైరు నా జడ పక్కనే ఉంది.

డ్రైవరు దిగాడు. “ఏటర్రా, సావాలనుందేటి?”

“మిషన్‌ని పైకి పోనివ్వం!” లేవకుండానే అరిచాను.

“మిసనేటి? మీ సభకి కుర్సీలు, మైకుసెట్టూ తెత్తన్నాను. బేగి తెమ్మని పొద్దున్నించీ పోన్లు సేసింది నువ్వే గదేటి?”

అందరూ నావైపే చూశారు. లేచి కుర్చీలు మోశాను. ఆయన మాత్రం సభ అయ్యేదాకా వెనక కూర్చుని అంతా విన్నాడు.

కొన్నాళ్లకు మిషన్ నిజంగానే వచ్చింది. మేం మలుపు చేరేసరికే ఆ వ్యాను రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది.

“ఇంజిను పాడైపోనాదమ్మా,” అన్నాడాయన, తాళం జేబులో వేసుకుంటూ. “ఈపాలి నువ్వు పడుకోకు. జడ మాసిపోద్ది.”

– కమల, సాలూరు