గదికో థర్మోస్టాట్

కెనడాలోని వాటర్లూ వచ్చిన కొత్తలో మేము ఒక తెలుగాయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాము. పైన ఆయనా, ఆయన భార్యా ఉండేవారు; మేము అంకుల్, ఆంటీ అని పిలిచేవాళ్ళం. మనవాళ్ళ ఇల్లే దొరికిందని నేనూ మావారూ ఎంత సంబరపడ్డామో! ఆ సంబరం మొదటి మంచు పడేదాకానే.

ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్ ఒకటే, ఆ వేడిని పెంచే, తగ్గించే థర్మోస్టాట్ ఒకటే. అది పైన వాళ్ళ హాల్లో గోడకు ఉండేది. దానికి ప్లాస్టిక్ పెట్టె బిగించి, పెట్టెకు తాళం వేసుకున్నాడు అంకుల్. తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే. ఆ ఫర్నేస్ వదిలే వేడిగాలి మా గదికి చేరేసరికి చల్లారిపోయేది. పొద్దున్నే నేల మీద కాలు పెడితే చలి మోకాళ్ళదాకా పాకేది.

ఆ చలికాలంలోనే మాకు పాప పుట్టింది. పురిటికి సాయంగా అమ్మ వచ్చింది. నా తలకు గుడ్డ కట్టి, పాపను దుప్పట్లలో చుట్టి, తాను మాత్రం చీర మీద మావారి కోటు తొడుక్కుని తిరిగేది. ఇక ఓర్చుకోలేక ఒకరోజు తనే మెట్లెక్కి పైకి వెళ్ళింది. నేను పాపను ఎత్తుకుని మెట్ల మధ్యలో నిలబడి విన్నాను.

"బాబూ, పసిపిల్ల ఉంది. కాస్త వేడి పెంచితే..."

"ఇది కెనడా అమ్మా. వచ్చినవాళ్ళే అడ్జస్ట్ అవ్వాలి," అన్నాడు అంకుల్. లోపలికి వెళ్ళి తన పాత సాక్సుల జత ఒకటి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. "ఇవి వేసుకోండి. నాకెలాగూ లూజైపోయాయి."

మడమ దగ్గర చిరుగు నాకు కింద నుంచే కనిపించింది. ఆంటీ ఆయన వెనక నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ ఆయనకు థాంక్స్ చెప్పి మరీ దిగి వచ్చింది. నన్ను కాల్చింది ఆ థాంక్స్. ఈ మనిషిని నా ఇంటికి పిలిచి, నలుగురి ముందూ ఆ మాట తిరిగి అప్పజెప్పకపోతే నేను నేనే కాదనుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళకు మేము ఒక పాత ఇల్లు కొన్నాము. దాని ఫర్నేస్ ఎప్పుడో చచ్చిపోయింది, నేల మొత్తం పెకలించాల్సి ఉంది. నేల కింద నీళ్ళ గొట్టాలు పరిచి, బయట హీట్ పంప్ పెట్టించుదామని నేనే పట్టుబట్టాను. పంప్ బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి నీళ్ళకు ఇస్తుంది. నేల కింద తిరిగే నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు గనుక దాని మీద భారం పడదు. వాటిని బిగించే ఇన్‌స్టాలర్ ఇదంతా చెబుతుంటే నా కళ్ళ ముందు తిరిగింది మాత్రం అంకుల్ ముఖమే.

ఈ సంగతి తెలిసి, తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో ఆయన అందరికీ వినబడేలా అన్నాడు: "హీట్ పంపా? మన చలికి అదేం పనిచేస్తుందమ్మా! ఎవరో మీకు బాగా టోపీ పెట్టారు."

"అయితే గృహప్రవేశానికి వచ్చి చూడండి అంకుల్," అన్నాను నవ్వుతూ.

మావారు వేసవిలో ముహూర్తం పెట్టుకుందామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫిబ్రవరిలోనే కావాలన్నాను. ఆ బేస్‌మెంట్‌లో మాకు ముందూ తర్వాతా అద్దెకున్నవాళ్ళను వెతికి వెతికి పిలిచాను. కూర్చోవడానికి జంపఖానాలు తెస్తామన్నవాళ్ళను వద్దన్నాను. వట్టి టైల్స్ మీదే అందరూ కూర్చోవాలి. అదే నా పథకం.

ఆ రోజు మంచు విరగబడి కురిసింది. సరిగ్గా అంకుల్ కారు దిగే సమయానికి బయట ఉన్న పంప్ యూనిట్ నుంచి తెల్లగా పొగలు లేచాయి. మావారు హడలిపోయి ఇన్‌స్టాలర్‌కు ఫోన్ చేశారు. మెషీన్ తన మీద పేరుకున్న మంచును తనే కరిగించుకుంటోందనీ, అది పొగ కాదు, ఆవిరనీ అతను చెప్పాడట. అంకుల్ మాత్రం గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "చెప్పానా? తగలబడిపోతోంది!"

"లోపలికి రండి," అన్నాను.

ఆయన బూట్లు విప్పి అడుగు పెట్టాడు, ఆగిపోయాడు. రెండో కాలు పెట్టి కిందికి చూశాడు. ఆంటీ అయితే సాక్సులు కూడా తీసేసి వట్టికాళ్ళతో నడిచింది. వ్రతం అయ్యాక అందరూ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ప్రసాదం తింటున్నారు. ఇండియా నుంచి అమ్మ వీడియోకాల్‌లో చూస్తోంది.

"వేడి బానే ఉంది. కంట్రోల్ ఎక్కడ పెట్టారు?" అన్నాడు అంకుల్.

ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్ళు ఆగాను. గొంతు పెంచి చెప్పాను. "ప్రతి గదిలో ఒకటి ఉంది అంకుల్. దేనికీ తాళం లేదు. మా ఇంట్లో పసిపిల్లల తల్లులు తాళంచెవి కోసం ఎవరి జేబు వైపూ చూడనక్కర్లేదు."

పాత అద్దెవాళ్ళలో ఒకావిడ ఫక్కున నవ్వింది. "మాకైతే వేడి అడిగితే పాత సాక్సులు చేతిలో పెట్టారు అంకుల్," అన్నాడు ఇంకొకతను. అంకుల్ ఎర్రబడ్డాడు. "ఇల్లు నాది. నా ఇంట్లో నా ఇష్టం," అన్నాడు.

అప్పుడు ఆంటీ నోరు విప్పింది. నేను ఊహించనిది అదే.

"ఆ తాళంచెవి నాకూ ఇవ్వరమ్మా," అంది, ప్రసాదం తింటూనే. "పైన నేను కూడా కోటేసుకునే వంట చేస్తాను. ఈయనొక్కరికే చలెయ్యదు. ఒంట్లో అంత పొగరు."

ఈసారి హాలంతా నవ్వింది. నేను ఏళ్ళ తరబడి నూరుకున్న కత్తి కంటే ఆవిడ మాటే లోతుగా దిగింది. అంకుల్ భోజనం చేయకుండానే లేచి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడ తీరుబడిగా తిని, పెరుగన్నం రెండోసారి వడ్డించుకుని, వేరేవాళ్ళ కారులో వెళ్ళింది.

"ఎందుకే, పెద్దాయన్ని అలా అన్నావు?" అంది అమ్మ ఫోన్‌లో. నాకు జాలి కలగలేదు. ఆయన బేస్‌మెంట్‌లో మన తెలుగువాళ్ళెవరూ దిగడం లేదని తర్వాత విన్నప్పుడు కూడా కలగలేదు. ఆ సంగతి విన్న రోజు పాయసం చేసుకున్నాను.

ఇప్పుడు చలికాలం మధ్యాహ్నాల్లో ఆంటీ ఒక్కతే రైలెక్కి మా ఇంటికి వస్తుంది. కిటికీ పక్కన నేల మీద కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ కబుర్లు చెబుతుంది. మొన్న అంకుల్ ఫోన్ చేశాడు. ఆవిడ స్పీకర్‌లో పెట్టింది.

"ఎప్పుడొస్తావు? టీ ఎవరు పెడతారు?"

"మీరే పెట్టుకోండి. నాకిక్కడ బావుంది," అని ఫోన్ పెట్టేసి, ఇంకో గుప్పెడు చిక్కుళ్ళు ఒళ్ళోకి తీసుకుంది.