లోపల గదే తంబాకు

మా కంపెనీ ల్యాప్‌టాప్ మనిషై పుడితే ఎట్లా ఉంటుందో హైదరాబాద్‌కు పిలిపించి మరీ నేర్పించారు. ఇరవై రెండేళ్ల కుర్రాడట. చిరిగిన జీన్స్ వేసుకుంటాడట, ఊరికే నవ్వుతుంటాడట. నేను మనసులో వాణ్ని తీసుకొచ్చి మా కోమటి చెరువు కట్ట మీద నిలబెట్టుకున్నాను, సెల్ఫీలు దిగడానికి. ఎదుటి కంపెనీ ల్యాప్‌టాప్ మాత్రం టక్ చేసుకున్న బ్యాంకు మేనేజరు. నమ్మొచ్చు గానీ పక్కన కూర్చుంటే నిద్రొస్తుంది. అమ్మేవాళ్లు కూడా తమ మిషన్ లాగే ఉండాలన్నారు. అందుకని నాకొక నారింజ రంగు టీషర్టు ఇచ్చి, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండమని చెప్పి సిద్దిపేటకు పంపించారు.

బస్టాండ్ రోడ్డులో షాపు. షాపు సేటుది, మా జీతాలు కంపెనీలవి. నా కౌంటర్‌కు ఎదురుగా నీలం చొక్కాలో ఒక పెద్దాయన నిలబడేవాడు, ఆ బ్యాంకు మేనేజరు తరఫున. నేను ఆయన్ని కాకా అని పిలిచేదాన్ని. మా కంపెనీల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మేమిద్దరం మాత్రం ఒకరి డబ్బాలోని తొక్కు పచ్చడి ఒకరం పంచుకుని తినేవాళ్లం. ఒకరు తినడానికి పోతే రెండోవాళ్లు రెండు కౌంటర్లూ చూడాలి. అప్పుడు నేను బ్యాంకు మేనేజర్ని కూడా బాగానే అమ్మేదాన్ని, కాక నా కుర్రాణ్ని అమ్మేవాడు. ఈ సంగతి కంపెనీలకు చెప్పలేదు, చెప్పినా వాళ్లకు అర్థం కాదు.

ఒకసారి బజారుకు వచ్చిన మా అవ్వ, కన్నబిడ్డ ఏం పని చేస్తుందో చూద్దామని షాపులోకి వచ్చింది. అవ్వ బీడీలు చేసేది. ఆకూ తంబాకూ పోసుకునే చాట ఒళ్లో లేకుండా ఆమె చేతులకు ఏం చేయాలో తోచేది కాదు. రెండు కౌంటర్ల మీది మిషన్లనూ మెల్లగా తడిమి చూసింది.

"ఈ రెండిట్ల ఏది మంచిది?" అని కాకను అడిగింది.

"నిజం చెప్పాల్నా అక్కా? లోపల ఒక్కతీరే ఉంటయి."

"అట్లనా? అయితే మా బీడీల లెక్కనే. లోపల గదే తంబాకు, మీది దారమే వేరే."

అదే పొగాకుకు పైన ఎర్ర దారం కడితే ఒక కంపెనీ బీడీ, పచ్చ దారం కడితే ఇంకో కంపెనీ బీడీ. అవ్వ రెండూ కట్టింది. కాక కౌంటర్ పట్టుకుని నవ్వాడు, కొనడానికి వచ్చినవాళ్లూ నవ్వారు. నేను మాత్రం ఇంటికెళ్లాక, గిరాకీ ముందట గట్లంటరా అని అవ్వ మీద లేచాను. "ఉన్నదే అన్న గద," అని ఆమె ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది.

వానాకాలం నాట్లప్పుడు అవ్వ పోయింది. జ్వరమని దవాఖానలో చేర్చాం, మళ్లీ ఇంటికి నడిపించుకుని తేలేకపోయాం. నాకు ఏడుపు రాలేదు. చుట్టాలంతా ఏడ్చారు, పక్కింటివాళ్లు ఏడ్చారు, నేను చాయ్ గ్లాసులు అందించాను. "ఏడ్వు బిడ్డా, ఏడిస్తెనే బరువు దిగుతది," అని చిన్నమ్మ నా వీపు నిమిరింది. ప్రయత్నించాను కూడా. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతుంది చూడండి, అట్లా ఉండేది. తర్వాత అది కూడా లేదు. ఇక నాకు ఎప్పటికీ ఏడుపు రాదేమో, అవ్వ కోసం ఏడవకుండానే ఉండిపోతానేమో అనిపించింది. ఆ భయం కూడా ఎవరి భయమో అన్నట్టు దూరంగానే ఉండేది.

దినాలు అయ్యాక నారింజ టీషర్టు వేసుకుని షాపుకు పోయాను. నవ్వడానికి మొహం కదల్లేదు. చిన్నకోడూరు నుంచి వచ్చిన ఒకాయన ఈ మిషన్ ఎట్లుంటదని అడిగితే, "పని చేస్తది. కొన్నేండ్లయినంక బ్యాటరీ పోతది. కింద పడితే పగుల్తది," అన్నాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, కొనేశాడు. మర్నాడు ఇంకొకరు కొన్నారు. ఆ తర్వాత హుస్నాబాద్ నుంచి వెతుక్కుంటూ వచ్చారు, షాపులో ఒకామె ఉన్నదున్నట్టు చెబుతుందట కదా అని. నవ్వినన్నాళ్లు అమ్మనన్ని మిషన్లు నవ్వు మానేశాక అమ్మాను.

హైదరాబాద్ నుంచి మా పై సారు వచ్చి, వెనక నిలబడి, నేను మాట్లాడుతుంటే ఫోన్‌లో వీడియో తీశాడు. అన్ని ఊళ్ల అమ్మేవాళ్లకూ అది పంపించి, ఈమె లాగా మాట్లాడండి అన్నాడట. కొత్త పోస్టర్లు వచ్చాయి. చిరిగిన జీన్స్ కుర్రాడు పోయి, సూటిగా చూసే మనుషులు వచ్చారు, కింద 'ఉన్నది ఉన్నట్టు' అని రాసి. రాత్రికి రాత్రే మా కుర్రాడికి పెద్దరికం వచ్చింది. "నీ మొహంలో ఒక నిజాయితీ ఉందమ్మా. ఇట్లాగే ఉండు, ఏం మార్చకు," అన్నాడు సారు. నాకు సంతోషం వేయలేదు, కోపమూ రాలేదు. కొంచెమన్నా రావాల్సింది.

కాక కంపెనీ ఊరుకుంటుందా. బ్యాంకు మేనేజరు ఇక నడవడు, మనమే హుషారుగా ఉందాం అనుకున్నారు వాళ్లు. యాభై దాటిన మనిషికి పసుపు పచ్చ టోపీ పెట్టారు. రోజూ పొద్దున ఫోన్‌కు జోకులు పంపేవారు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా కాక అవి గిరాకీలకు చెప్పేవాడు, నవ్వాల్సిన చోట తనే ఆగి చూసేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. మా ఇద్దరి మొహాలూ అట్లా తారుమారయ్యాయి. తొక్కు మాత్రం పంచుకుంటూనే ఉన్నాం.

చలి మొదలైన రోజుల్లో మిరుదొడ్డి నుంచి ఒక రైతు వచ్చాడు. బిడ్డ ఇంజనీరింగు చదువుతోంది, ఆమెకు కావాలి. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన దాదాపు ఒప్పుకుని, ఎందుకైనా మంచిదని టోపీ పెట్టుకున్న కాక వైపు తిరిగాడు.

"గీ రెండిట్ల ఫరకేందే అన్నా?"

కాక ఫోన్ తీసి చూశాడు. ఆ పొద్దు జోకు రాలేదో, ఆయనకే విసుగొచ్చిందో, ఫోన్ జేబులో పెట్టేశాడు.

"ఫరకేం లేదన్నా. లోపల గదే తంబాకు, మీది దారమే వేరే."

అవ్వ మాటను అవ్వ అన్నట్టే, అదే సాగదీతతో అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నెలల తర్వాత వచ్చిన నవ్వు, గొంతులోంచి పెద్దగా వచ్చింది. రైతు కూడా నవ్వాడు. ఆయన నవ్వు ఆగింది గానీ నాది ఆగలేదు. కాసేపటికి అది నవ్వు కాదని ముందు ఆయనకే తెలిసింది. నేను కౌంటర్ మీద తల పెట్టి, చిన్నమ్మ చెప్పినట్టు ఏడ్చాను. చేతి కింద అమ్మకానికి పెట్టిన మిషన్ తడిసింది. సేటు లేచి నిలబడ్డాడు. నాకు ఎవరూ కనిపించలేదు, చాట ముందు వంగిన అవ్వ నడినెత్తి పాపిట తప్ప.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు రైతు.

"మా అవ్వ సచ్చిపోయింది."

"అయ్యో. ఎన్నడు?"

"ఇయ్యాల్నే," అన్నాను.

"మరి ఇంక ఈడేం జేస్తున్నవ్? ఇంటికి పోరాదు?"

అవ్వ పోయి నెలలైందని కాకకు తెలుసు, మట్టి చేసిన రోజు వచ్చినవాడు. అయినా ఆయన ఏమీ దిద్దలేదు. పసుపు పచ్చ టోపీ తీసి పక్కన పెట్టి, లోపలికెళ్లి నా సంచీ తెచ్చి చేతికిచ్చాడు.

"పో బిడ్డా. రెండు కౌంటర్లు నేను జూస్త."