ఇత్తడి బిళ్ళ, ఇరవై సెకన్లు

శ్రావణ మాసం, వరలక్ష్మీ వ్రతం శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. నందిగామలో పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది గాని వాన సన్నని తుంపర దాటలేదు. మా అమ్మాయి ఇంట్లో, ఆమె లాప్‌టాప్ ముందు కూర్చొని, చేతి గడియారం చూసుకుంటూ నేను మౌస్ కదుపుతున్నాను.

అమ్మాయి హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే జమాఖర్చుల పని చేస్తుంది. చేయి ఎంతసేపు ఆడిందో, ఎంతసేపు ఆగిందో ఆ కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ ఒకటి లెక్క వేస్తుంది. ఐదు నిమిషాలు కదలిక లేకపోతే తెర మూలనున్న పచ్చ చుక్క ఎర్రబడుతుంది. చేయి ఆడిన సమయం మూడు నెలల సగటు డెబ్భై శాతం కన్నా తగ్గితే హైదరాబాదు ఆఫీసుకు వెళ్ళి కూర్చోవలసిందే. అల్లుడి ఎరువుల కొట్టూ, మనవరాలి బడీ నందిగామలోనే. లెక్క తేలేది ఆ నెలాఖరుకు.

ఆ సమయానికి పేరంటాళ్ళు గుమ్మంలోకి వచ్చారు.

"నాన్నా, అది ఎర్రబడకుండా కాస్త కదుపుతూ ఉండు. ఏదీ నొక్కబాక," అని అమ్మాయి తాంబూలం పళ్ళెం అందుకుంది.

"ఏవమ్మా, నాన్నగారిని ఉద్యోగంలో పెట్టావా?" అంది పక్కింటావిడ.

"అవునండి. జీతం శనగలే."

హాజరు లెక్కలు నాకు కొత్త కాదు. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు హాజరు చూశాను. ప్రతి కార్మికుడికీ అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపలికి వచ్చేవాడు దాన్ని గేటు దగ్గరి ఒక పలక మీంచి తీసి రెండో పలక మీద తన మేకుకు తగిలించాలి. ఎనిమిది గంటల సైరను ముందు ఆ బిళ్ళల గలగల ఇప్పటికీ నా చెవిలో ఉంది. షిఫ్టు దిగేవాళ్ళ కనుబొమల మీద బూడిదరంగు పొడి, ఎక్కేవాళ్ళ తలల మీద తడి నూనె. సాఫ్ట్‌వేరుకు చప్పుడు లేదు.

రాని స్నేహితుడి బిళ్ళ కూడా తగిలించేవాళ్ళు కొందరుండేవారు.

"వాడేడి?" అని తగిలించినవాణ్ణి అడిగితే, "సైకిల్ పెట్టి వస్తన్నాడండి," అనేవాడు.

"ఏ ఊళ్ళో పెడుతున్నాడు?"

"చిల్లకల్లులోనేమో సార్," అని వెనక నుంచి ఇంకొకడు. వరుసంతా నవ్వేది.

వాళ్ళను పట్టుకునే పద్ధతి ఒక్కటే. నిజంగా వచ్చే మనిషి ఒకనాడు ఐదు నిమిషాలు ముందు, మరునాడు నాలుగు నిమిషాలు వెనక వస్తాడు. రెండు బిళ్ళలు రోజూ ఒకే నిమిషంలో పడుతున్నాయంటే, అందులో ఒకడు రాలేదన్నమాట.

ఇంత తెలిసీ, ఆ సాయంత్రం నేను సరిగ్గా ఇరవై సెకన్లకొకసారి మౌస్ కదిపాను.

సోమవారం మేనేజరు ఫోన్ చేశాడు. అమ్మాయి స్పీకరు పెట్టింది.

"శుక్రవారం నలభై నిమిషాలు మీ మౌస్ కరెక్టుగా ఇరవై సెకన్లకి కదిలింది మేడమ్. మౌస్ దానంతటదే కదిలే మెషిన్ ఏదో పెట్టారని చూపిస్తంది. అదే రాస్తే పైవాళ్ళు నెలాఖరు దాకా కూడా ఆగరు, ఆఫీసుకి రమ్మంటారు."

అమ్మాయి నా వైపు చూసింది. "మెషిన్ కాదు సార్. మా నాన్న."

"ఆయనేం చేసేవారు?"

"ఫ్యాక్టరీలో హాజరు చూసేవారండి. దొంగ హాజరు పట్టుకునేవారు."

అతను ఆపుకోలేక నవ్వాడు. "మెషిన్ అని రాయను మేడమ్. కానీ ఆ నలభై నిమిషాలు తీసేస్తా."

తీసేయడం న్యాయమే. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఆ మాట అమ్మాయితో అంటే, "నువ్వు మాత్రం ఇంక కదపబాక నాన్నా," అని మళ్ళీ పనిలో కూర్చుంది.

నేను కదిపింది నూట ఇరవై సార్లు. లెక్కకు వచ్చింది సున్నా. నెలాఖరుకు అమ్మాయి సగటు డెబ్భై దశాంశం నాలుగు శాతం.