బావ నవ్విన ఫోటో

ఈ మధ్య ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, ఎండకు తాళలేక పక్కనే కొత్తగా పెట్టిన కాఫీ దుకాణంలోకి వెళ్ళాను. ఓ మూలన చెట్టు మొద్దును మెలితిప్పి చేసినట్టున్న కుర్చీ ఒకటి, దాని మీద వంతులవారీగా కూర్చుని సెల్‌ఫోన్లలో ఫోటోలు దిగుతున్న కాలేజీ పిల్లలు. ఒక్కొక్కరు పదేసి దిగి, నచ్చనివాటిని అక్కడికక్కడే తుడిచేస్తున్నారు. నేను కాఫీ తాగకుండానే బయటికి వచ్చేశాను.

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న ఆ ఏళ్ళలో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల కిరాయి గదుల్లో బతికిన మన ఈడువాళ్ళకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. పొద్దున కోచింగ్, మధ్యాహ్నం బంద్, సాయంత్రం చౌరస్తాలో ధర్నా. నల్లగొండ నుంచి వచ్చిన మా ఇద్దరికీ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక ఒక గది ఉండేది. నేను డిజైన్ చదివేవాణ్ణి. మేనత్త కొడుకు, అంటే నాకు బావ, సర్కారు నౌకరీ కోసం చదివేవాడు. వయసు దాటిపోతున్నా నోటిఫికేషన్ మాత్రం రాలేదు.

నాకప్పుడు శిల్పాల్లాంటి కుర్చీల పిచ్చి. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడిన తాతకు మనవణ్ణి కనుక, కుర్చీ అంటే నాకు కలప కాదు, ఎవడు కూర్చోవాలో ఎవడు నిలబడాలో తేల్చే శాసనం. ఆ శాసనం ఆకారాన్నే విరగ్గొట్టాలని, మార్కెట్‌లో పారేసిన మామిడిపండ్ల పెట్టెల చెక్కలు ఏరుకొచ్చి, నడుము వాల్చిన మనిషిలాంటి కుర్చీని నెలల తరబడి డాబా మీద చెక్కాను. బావ దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, "ఏం బామ్మర్దీ, గిది కుర్చీయా, కూలిన కొట్టమా? కూసుంటే లేస్తనా మల్ల?" అనేవాడు.

కాలేజీలో చూపించడానికి దానికి ఫోటోలు కావాలి. సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి కొని, వెలుతురంటే ఏమిటో అప్పుడే నేర్చుకుంటున్నాను. దండెం మీద తెల్ల దుప్పటి ఆరేసి, దాని మీద పడిన ఎండను కుర్చీ మీదికి తిప్పేవాణ్ణి. కొలత తెలియాలంటే మనిషి కూర్చోవాలని బావను బతిమాలాను. కూర్చోగానే చెక్క కిర్రుమంది. బావ రెండు చేతులూ గాల్లోకి లేపి, పళ్ళన్నీ కనపడేలా, కళ్ళు మూతపడేలా నవ్వాడు. వెలుతురు కుదిరింది ఆ ఒక్క ఫోటోలోనే, మిగతావన్నీ తుడిచేశాను.

ఆ వారమే ఒక ఉదయం బావ లేకుండా పోయాడు. ఎలా పోయాడో రాయను, అది రాయడమే ఇంకొకడికి దారి చూపడం. రాష్ట్రం కోసమని రెండు వాక్యాలు రాసి పెట్టాడు. ప్రాణమిచ్చినవాడు అమరుడని వేదికలెక్కి చెప్పినవాళ్ళ మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. బతికి కొట్లాడమని ఆ పిల్లలకు చెప్పే నోరు ఒక్కటి లేకపోయింది. బతికుండగా పేరైనా అడగనివాళ్ళు పోయిన గంటలోపే గది ముందుకు వచ్చి ఫోటో అడిగారు. డిగ్రీ నాటి హాల్‌టికెట్ ఫోటో పెద్దది చేస్తే చెదిరిపోతుందన్నారు. నా కెమెరాలోని కార్డు తీసుకుని ఫ్లెక్సీ దుకాణానికి నడిచారు, వెనకే నేనూ.

అక్కడ కంప్యూటర్ ముందున్నది గుంటూరు వైపు అబ్బాయి, కంటి మీద కునుకు లేకుండా ఉద్యమం ఫ్లెక్సీలే వేస్తున్నాడు. కుర్చీ కత్తిరించి, బావ వెనక జెండా పెట్టాడు. మా గల్లీ నాయకుడు తెర మీదికి వంగి, "చచ్చిపోయినోడు నవ్వుతడా? వాని నోరు మూయి జర, కండ్లు తెరువు" అన్నాడు. ఆ అబ్బాయి, "నవ్వే బాగుందండీ, ఇలాగే ఉంచుదామా?" అన్నాడు. "నువ్వు చెప్తవా మాకు?" అని కసిరేసరికి హాల్‌టికెట్ ఫోటోలోని నోరు, కళ్ళు తెచ్చి అతికించాడు. ఊరేగింపు తొందరలో మార్చినదాన్నే పాతదాని మీద సేవ్ చేసి కార్డు నా చేతిలో పెట్టాడు. గదికొచ్చి చూస్తే కార్డులో నవ్వు లేదు. కుర్చీ కూడా లేదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ కింద అత్తను నిలబెట్టారు. తలెత్తి చాలాసేపు చూసి, "గీ పిలగాడెవ్వడురా? నా కొడుక్కు గిట్ల మొఖం మాడ్చుకునుడు రాదు" అంది. జోహార్ల హోరులో ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

మళ్ళీ కుర్చీ చెయ్యలేకపోయాను. చదువు మార్చాను, వ్యాసాలు రాసి బతికాను. రాష్ట్రం వచ్చింది. నాయకుడి ఇల్లు రెండంతస్తులు లేచింది. ఆ ఫ్లెక్సీ ముఖమే ఫ్రేములోకెక్కి అత్త ఇంటి గోడకు చేరింది, ఏటా దండ మారుతుంది.

పోయిన నెల బడంగ్‌పేట్‌లో అత్త ఇంటికి వెళ్తే, బావ చెల్లెలి కూతురు, బావ పోయాక పుట్టిన పిల్ల, ఆ ఫ్రేము ముందు నిలబడి, మామ ఎప్పుడూ గుస్సగనే ఉండెటోడా అని అడిగింది. అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే, "చిన్నప్పటి సంది గంతే బిడ్డా, నవ్వెటోడు గాదు" అంది.

లేదత్తా, బావ లెక్క నవ్వేటోడు మన ఇంట్ల ఇంకొకడు లేడన్నాను. అత్త చెయ్యి చేటలోనే ఆగి, మళ్ళీ కదిలింది. ఆ పిల్ల నా వైపు తిరిగి, "అయితే నవ్విన ఫోటో చూపియ్యి" అంది.

ఆధారం లేనిదాన్ని ఎవరు చెప్పినా నమ్మవద్దని ఇన్నేళ్ళూ రాస్తూ వచ్చినవాణ్ణి. ఆ పిల్ల అడిగింది న్యాయమే. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.